శిక్షణ నిధులు - సంఘం బాధ్యత

పాల సంఘానికి భవనం, తూకపు యంత్రం, క్యాన్లు, పరీక్షా సామగ్రి కంటికి కనిపించే ఆస్తులు. వార్షిక నివేదికలో వీటి విలువను రూపాయలలో వ్రాసుకుంటాము. కాని ఆ సామగ్రిని వాడే మనిషి చేతిలోని నేర్పు ఏ పద్దులోనూ కనబడదు. ఆస్తి అప్పుల పట్టీలో దానికి గడి లేదు. అయినా సంవత్సరాంతాన సంఘానికి లాభమో నష్టమో తేల్చడంలో ఆ నేర్పుకు చాలా పెద్ద పాత్ర వున్నది.

ఈ నేర్పు కోసం ప్రభుత్వం ధనం వెచ్చిస్తున్నది. పశుసంవర్ధక శాఖ ద్వారా, బ్యాంకుల ద్వారా, కృషి విజ్ఞాన కేంద్రాల ద్వారా, నైపుణ్యాభివృద్ధి పథకాల ద్వారా ఈ నిధులు వస్తున్నాయి. అయితే నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతాల పాల ఉత్పత్తిదారులకు సహజంగానే మూడు సందేహాలు కలుగుతాయి. శిక్షణకు డబ్బు ఎవరిస్తారు? ఆ డబ్బు సంఘం ఖాతాకు ఎందుకు రాదు? మా ఊరి మనిషిని పంపితే మాకు ఒరిగేదేమిటి? ఈ మూడింటికీ వరుసగా సమాధానం చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

నేర్పు లేకపోతే నష్టం ఎవరికి?

ముందుగా పాల పరీక్షనే తీసుకుందాం. గెర్బర్ పద్ధతిలో వెన్న శాతం చూడాలంటే బ్యుటిరోమీటర్‌లో 10 మిల్లీలీటర్ల గంధకామ్లం పోసి, దానిపై 10.75 మిల్లీలీటర్ల పాలు మెల్లగా చేర్చి, 1 మిల్లీలీటరు ఎమైల్ ఆల్కహాల్ కలిపి, మూత బిగించి, బాగా కుదిపి, సెంట్రిఫ్యూజ్‌లో త్రిప్పి, వేడినీటిలో నిలిపి, కొలత చదవాలి. చెప్పడానికి ఇది నాలుగు ముక్కల పని. చేయడంలో తప్పు దొర్లే చోట్లు మాత్రం చాలా వున్నాయి. పాలను బాగా కలపకుండా పైపైన నమూనా తీస్తే వెన్న ఎక్కువ చూపుతుంది. అడుగునుండి తీస్తే తక్కువ చూపుతుంది. ఆమ్లం బలం తగ్గినా పెరిగినా గీత స్పష్టంగా కనబడదు. కొలత చదివేటప్పుడు కన్ను ఎత్తుగానో పల్లంగానో వుంటే ఒక గీత అటూయిటూ అవుతుంది.

ఇప్పుడు చాలా చోట్ల ఎలక్ట్రానిక్ యంత్రాలు వచ్చాయి గనుక ఈ బాధ తీరిందని కొందరు అనుకుంటారు. యంత్రాన్ని రోజూ శుభ్రం చేయకపోతే, నియమిత కాలంలో గెర్బర్ పరీక్షతో సరిచూసుకోకపోతే, అదే తప్పును ప్రతి సభ్యునికీ ప్రతి పూటా చూపుతుంది. మనిషి చేసే పొరపాటు ఒక పూటతో పోవచ్చు. యంత్రం తప్పితే, సరిచేసేవాడు వచ్చేదాకా అది పోదు.

ఒక చిన్న లెక్క చూడండి. రోజుకు 300 కిలోల పాలు పోసే సంఘం వున్నదనుకుందాం. పరీక్షలో వెన్న శాతం 0.2 మేరకు తప్పు పడితే, రోజుకు 600 గ్రాముల వెన్న లెక్క తప్పినట్లు. వెన్న కిలో ధర 700 రూపాయలని ఉదాహరణకు అనుకుంటే, అది రోజుకు 420 రూపాయలు, 30 రోజులకు 12,600 రూపాయలు. తప్పు తక్కువ వైపు పడితే ఈ సొమ్ము సభ్యుల కష్టంలో నుండి పోతుంది. ఎక్కువ వైపు పడితే డెయిరీ వద్ద పరీక్షలో తేడా వచ్చి సంఘం నిధిలో నుండి పోతుంది. ఎటు పడినా చెల్లించేది సభ్యులే. పరీక్ష చేసేవారు దొంగలై వుండనక్కరలేదు. వారికి సరిగా నేర్పకపోయినా ఇంతే నష్టం.

రెండవది ఎద గుర్తించడం, కృత్రిమ గర్భధారణ. గేదె సుమారు 21 రోజులకొకసారి ఎదకు వస్తుంది. ఆవు అరిచినట్లుగా, ఎగిరినట్లుగా గేదె అన్నిసార్లూ బయటపెట్టదు. దీనినే మూగ ఎద అంటారు. తరచు రాత్రిపూట వచ్చి తెల్లవారేసరికి తగ్గిపోతుంది. మన ప్రాంతపు ఎండాకాలంలో గుర్తించడం మరీ కష్టం. ఒక ఎద తప్పిందంటే 21 రోజులు పాలులేని మేత దండుగ. రోజుకు 150 రూపాయల మేత, దాణా అనుకున్నా 3,150 రూపాయలు. రెండు మూడు ఎదలు తప్పితే ఒక ఈతకూ మరొక ఈతకూ మధ్య నెలలు పెరిగిపోతాయి. ఉదయం ఎద కనిపిస్తే సాయంత్రం, సాయంత్రం కనిపిస్తే మరునాటి ఉదయం సూది వేయించాలన్న చిన్న నియమం తెలిసిన ఇంటికీ తెలియని ఇంటికీ ఏడాది చివర కనిపించే తేడా చిన్నది కాదు.

ఇక సూది వేసేవారి నేర్పు వేరు. ఘనీకృత వీర్యం తయారుచేసే కేంద్రం మన నంద్యాలలోనే వున్నది. అక్కడ ఎంత మంచి ఆంబోతు వీర్యం నింపినా, ఆ గొట్టం ద్రవ నత్రజనిలో సున్నాకు దిగువన 196 డిగ్రీల చలిలో వున్నంతవరకే పనికివస్తుంది. పాత్రలో నత్రజని తగ్గిపోయినా, గొట్టాన్ని బయటికి తీసి వెదుకుతూ ఆలస్యం చేసినా, 37 డిగ్రీల నీటిలో అర నిమిషం కరిగించవలసిన దానిని చేతిలో నలిపి కరిగించినా, పశువు చూలు కట్టదు. రైతు ఆంబోతును నిందిస్తాడు, లేదా తన బర్రెను నిందిస్తాడు. అసలు లోపం ఈ రెంటికీ నడుమ, ఒక మనిషి చేతిలో జరిగివుండవచ్చు.

ఈ నిధులు ఎప్పటి నుండి వస్తున్నాయి?

పాడి రంగంలో శిక్షణకు ప్రజాధనం వెచ్చించడం కొత్త విషయం కాదు. 1965లో ఆనంద్‌లో జాతీయ పాడి అభివృద్ధి సంస్థ ఏర్పడింది. 1970లో ప్రారంభమైన ఆపరేషన్ ఫ్లడ్ మూడు దశలలో 1996 వరకు సాగింది. మొదటి దశలో ఐరోపా దేశాల నుండి విరాళంగా వచ్చిన పాలపొడి, వెన్ననూనెలను మన దేశంలో పాలుగా మార్చి అమ్మి, ఆ వచ్చిన సొమ్మును పాడి అభివృద్ధికి పెట్టుబడి చేశారు. ఆ సొమ్ము డెయిరీ యంత్రాలకే పోలేదు. గ్రామ సంఘం కార్యదర్శికి లెక్కలు, పరీక్షకునికి పరీక్షలు, ఊరిలో ఒకరికి ప్రథమ చికిత్స, కృత్రిమ గర్భధారణ నేర్పడం ఆ పథకంలో భాగంగా వుండేవి. సంఘాలను నెలకొల్పే బృందాలకు ముందుగా తర్ఫీదు ఇచ్చి గ్రామాలకు పంపేవారు. రైతులను ఆనంద్ తీసుకుపోయి అక్కడి సంఘాలను చూపించేవారు. దక్షిణాది రాష్ట్రాల కోసం తమిళనాడులోని ఈరోడ్‌లో జాతీయ సంస్థ ప్రాంతీయ శిక్షణ కేంద్రాన్ని నెలకొల్పింది.

1986-87లో కేంద్ర ప్రభుత్వం మహిళలకు శిక్షణ, ఉపాధి కల్పించేందుకు స్టెప్ అనే పథకం తెచ్చింది. అందులో చేర్చిన వృత్తులలో పాడి ఒకటి. గేదెను కడిగి, మేపి, పాలు పిండేది స్త్రీ అయినప్పుడు శిక్షణ కూడా ఆమెకే అందాలన్న మాట ప్రభుత్వ కాగితాలలోకి అప్పటి నుండి గట్టిగా ఎక్కింది. తరువాత 2000లో పశుజాతి అభివృద్ధి కోసం జాతీయ పథకం వచ్చింది. మన రాష్ట్రంలో గోపాలమిత్రలుగా పిలువబడిన గ్రామ యువకులకు శిక్షణ యిచ్చి ఊళ్ళలో నిలిపింది ఆ కాలంలోనే. 2011-12 నుండి 2018-19 వరకు ప్రపంచ బ్యాంకు ఋణ సహాయంతో జాతీయ పాడి ప్రణాళిక మొదటి దశ నడిచింది. అందులోనూ శిక్షణకు చోటున్నది.

ఈ చరిత్రలో ఒక సంగతి గమనించాలి. పథకాల పేర్లు మారాయి, గడువులు ముగిశాయి, కొత్తవి వచ్చాయి. ఆ పథకాలు ముగిసిన తరువాత కూడా నిలిచినవి ఏవంటే, పథకం నడిచిన రోజులలో మంచి మనుషులను ఎంచుకొని, నేర్పించి, ఊరిలో నిలుపుకున్న సంఘాలే.

నేడు ఎక్కడెక్కడ లభిస్తున్నాయి?

2014 డిసెంబరులో రాష్ట్రీయ గోకుల్ మిషన్ మొదలైంది. దీని క్రింద మైత్రి అనే పేరుతో గ్రామీణ కృత్రిమ గర్భధారణ కార్యకర్తలకు 3 నెలల శిక్షణ వున్నది. ఒక నెల తరగతిలో, రెండు నెలలు క్షేత్రంలో. శిక్షణ ఖర్చు, పరికరాల ఖర్చు గ్రాంటుగా వస్తాయి. తరువాత ఆ కార్యకర్త జీతగాడు కాడు. రైతులు చెల్లించే సేవా రుసుముపై తన కాళ్ళపై తాను నిలబడాలి. ఈ చివరి మాటను సంఘాలు బాగా గుర్తుంచుకోవాలి. దీనిని గురించి ముందు మళ్ళీ చెబుతాము.

2014లోనే జాతీయ పాడి అభివృద్ధి కార్యక్రమం ప్రారంభమైంది. పాల నాణ్యతా పరీక్ష, ఊరి స్థాయిలో పాలను చల్లబరచే ఏర్పాట్లు, సంఘాల విస్తరణ దీని ముఖ్యోద్దేశాలు. వీటితోపాటు రైతులకు, సంఘ సిబ్బందికి శిక్షణకూ అవకాశం వున్నది. 2025 మార్చిలో కేంద్ర మంత్రివర్గం దీనిని సవరించి, 2021-22 నుండి 2025-26 వరకు గల కాలానికి మొత్తం కేటాయింపును 2,790 కోట్ల రూపాయలకు పెంచింది. ఈ నిధులు రాష్ట్రం ద్వారా, యూనియన్లు పంపే ప్రతిపాదనల ఆధారంగా దిగువకు వస్తాయి. ఏ సంఘంలో ఎవరికి ఏ శిక్షణ అవసరమో యూనియన్‌కు వ్రాతపూర్వకంగా తెలియకపోతే ప్రతిపాదనలో ఆ ఊరి పేరు ఎక్కదు.

ఇక స్వయం ఉపాధి కోరేవారికి గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణా సంస్థలు వున్నాయి. వీటికి మూలం 1982లో కర్ణాటకలో ధర్మస్థల సమీపాన ఉజిరెలో మొదలైన సంస్థ. కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ ఆ నమూనాను తీసుకొని జిల్లాకొకటి చొప్పున బ్యాంకుల చేత నడిపించేందుకు పూనుకున్నది. వీటిలో పాడి పశువుల పెంపకం, వానపాముల ఎరువు తయారీ కలిపి 10 రోజుల కోర్సుగా నేర్పుతారు. భోజనం, వసతి ఉచితం. శిక్షణ ముగిసిన తరువాత కూడా రెండేళ్ళ వరకు అభ్యర్థిని కనిపెట్టి వుండి, బ్యాంకు ఋణానికి తోడ్పడాలన్నది నియమం.

మన ప్రాంతానికి దగ్గరలో బనగానపల్లె మండలం యాగంటిపల్లెలో కృషి విజ్ఞాన కేంద్రం వున్నది. దేశంలో మొదటి కృషి విజ్ఞాన కేంద్రం 1974లో పుదుచ్చేరిలో ఏర్పడింది. ఈ కేంద్రాలకు భారత వ్యవసాయ పరిశోధనా మండలి నిధులు ఇస్తుంది. పంటలతోపాటు పశుగ్రాసం, పశుపోషణ వీటి పరిధిలోనివే. కుందూ లోయలో వరిగడ్డికి, జొన్నచొప్పకు కొదవ వుండని ఊళ్ళు చాలా వున్నాయి. అయినా ఉట్టి వరిగడ్డితో పాలు పెరగవు. గడ్డికి యూరియా శుద్ధి ఎట్లా చేయాలి, ఎంత మోతాదు మించితే ప్రమాదం, పచ్చిమేతను పాతర ఎట్లా వేయాలి వంటివి చేసి చూపించవలసిన పనులు. కాగితం చదివి చేయదగినవి కావు.

వీటికి తోడు 2015 జూలైలో ప్రారంభమైన ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజనలో వ్యవసాయ నైపుణ్య మండలి నిర్ణయించిన ప్రమాణాల ప్రకారం పాడి రంగపు పనులకు కూడా శిక్షణ, ధృవపత్రం ఇచ్చే ఏర్పాటు జరిగింది. ఇక ఉన్నత స్థాయిలో, 1946లో ఖేడా జిల్లా పాల సంఘాన్ని నిలబెట్టిన త్రిభువన్‌దాస్ పటేల్ పేరిట, 2025లో పార్లమెంటు చేసిన చట్టం ద్వారా ఆనంద్‌లో త్రిభువన్ సహకారీ విశ్వవిద్యాలయం ఏర్పడింది. సహకార సంఘాలలో పనిచేయగోరే మన పిల్లలకు ఇది ఒక కొత్త దారి.

డబ్బు సంఘం ఖాతాకు ఎందుకు రాదు?

ఈ నిధులలో చాలా భాగం నగదు రూపంలో సంఘాన్ని చేరదు. శిక్షణా సంస్థకు రుసుముగానో, అభ్యర్థికి భోజన వసతులుగానో, పరికరాల పెట్టెగానో ఖర్చవుతుంది. అంటే ప్రభుత్వం మనకిచ్చేది శిక్షణలో ఒక చోటు. ఆ చోటులో ఎవరిని కూర్చోబెట్టాలో నిర్ణయించేటప్పుడు సంఘం మాటకు విలువ వుండాలంటే, ముందుగా అడిగి వుండాలి. అడగని సంఘం చోటు వేరొక ఊరికి పోతుంది. ఆ సంగతి మనకు తెలియను కూడా తెలియదు.

ప్రభుత్వ నిధి భరించని ఖర్చు ఒకటున్నది. అది శిక్షణకు పోయినవారి ఇంట ఆగిపోయే పని. ఈ విషయంలో ఆళ్లగడ్డ శిల్పుల ఉదాహరణ చూడదగినది. ఆళ్లగడ్డలో రాతిని దేవతా విగ్రహంగా మలచే కుటుంబాలు తరతరాలుగా వున్నాయి. అక్కడ పిల్లవాడు తండ్రి పక్కన కూర్చొని, ముందు ఉలికి పదును పెట్టడం, తరువాత రాయి చెక్కు తీయడం, ఎన్నో ఏళ్ళకు కన్ను ముక్కు తీర్చడం నేర్చుకుంటాడు. అటువంటి వృత్తులవారి కోసం 2023 సెప్టెంబరు 17న ప్రధానమంత్రి విశ్వకర్మ పథకం ప్రారంభమైంది. అందులోని 18 వృత్తులలో శిల్పుల పని ఒకటి. ప్రాథమిక శిక్షణ 5 నుండి 7 రోజులు. శిక్షణలో వున్నన్నాళ్ళు రోజుకు 500 రూపాయల భృతి, పనిముట్లకు 15,000 రూపాయల వరకు సహాయం ఆ పథకంలో పెట్టారు. చేతిపని మనిషి ఒక రోజు తరగతిలో కూర్చుంటే ఆనాటి కూలి పోతుందన్న సత్యాన్ని ఈ భృతి అంగీకరించింది.

పాడి పనివారికి ఈ బాధ ఇంకా ఎక్కువ. శిల్పి రాయిని పది రోజులు పక్కన పెట్టినా అది అట్లాగే వుంటుంది. గేదె అట్లా వుండదు. రెండు పూటలా పాలు పిండాలి, కుడితి పెట్టాలి, పేడ తీయాలి. పిండే చేయి మారితే చేపని గేదెలు కూడా వున్నాయి. అందుచేత పది రోజుల వసతి శిక్షణ అంటే ఇంట్లో మరొక ఆడమనిషి లేని ఇల్లాలు రాలేదు. ఆమె రాలేనందువలన ఆమె స్థానంలో కొడుకో మరిదో వస్తారు. సంతకం పెడతారు, ధృవపత్రం తెస్తారు. ఇంటికి వచ్చి పొదుగు ఎట్లా కడగాలో ఆమెకు చెప్పరు. పొదుగువాపు వచ్చినప్పుడు మొదటి చుక్కల పాలలో తరకలు చూసేది ఆమె. ఎద తీగను తెల్లవారుజామున చూసేది ఆమె. శిక్షణ మాత్రం ఆమె దాకా పోలేదు.

దీనికి మార్గం లేకపోలేదు. ఒకటి, వసతి శిక్షణను కార్యదర్శి, పరీక్షకుడు, గర్భధారణ కార్యకర్తల వంటి సంఘ సేవకులకు ఉపయోగించుకోవాలి. రెండు, పశుపోషణ, పాల శుభ్రత, ఎద గుర్తింపు వంటి ఇంటి పనుల శిక్షణను ఊరిలోనే, ఉదయం పాలు పోసిన తరువాత రెండు గంటలు, వారం పదిరోజులు జరిపించమని శాఖవారిని, కృషి విజ్ఞాన కేంద్రంవారిని కోరాలి. పాల కేంద్రం వరండా చాలు. నేర్చుకునే పశువు ఊరిలోనే వున్నది. మూడు, ఎవరినైనా బయటికి పంపవలసి వస్తే ఆ ఇంటి గేదెలను చూసే మనిషికి కూలి సంఘం నిధి నుండి ఇవ్వవచ్చునా అని సర్వసభ్య సమావేశంలో చర్చించాలి. ఆ కూలి పాల పరీక్షలో ఒక రోజు తప్పుతో పోయే సొమ్ము కంటె పెద్దది కాదు.

ఎవరిని పంపాలి?

శిక్షణ చోటు వచ్చిందని కబురు రాగానే, ఆ రోజు ఖాళీగా కనిపించినవారిని పంపడం మంచిది కాదు. అధ్యక్షుని బంధువు గనుక పంపడం అంతకంటె మంచిది కాదు. చదువు కొంత వుండాలి. అయితే చదువు ఎక్కువై, ధృవపత్రం చేతికి రాగానే హైదరాబాదుకో బెంగుళూరుకో పోదామనుకునేవారికి పాడి శిక్షణ ఇప్పించడం ఊరికి ఉపయోగపడదు. అటువంటి యువకులు పట్నం పోవడం తప్పు కాదు. వారి దారికి తగిన శిక్షణలు వేరే వున్నాయి.

ఊరిలో ఇల్లూ వాకిలీ వున్నవారు, పశువు అంటే బెరుకు లేనివారు, ఎవరి ఇంటికి పిలిచినా కులం, కక్ష చూడకుండా పోయేవారు, ముఖ్యంగా నాలుగు మాటలు ఓపికగా చెప్పగలవారు తగినవారు. పరీక్షకుని విషయంలో ఇంకొక గుణం కావాలి. చిన్న రైతు ముందూ పెద్ద రైతు ముందూ ఒకే అంకె చెప్పగల ధైర్యం వుండాలి. ఆ ధైర్యాన్ని ఏ శిక్షణా కేంద్రమూ నేర్పదు. పాలకవర్గమే వెనుక నిలబడి ఇవ్వాలి.

ఎంపికను పాలకవర్గ సమావేశంలో తీర్మానంగా వ్రాసుకోవాలి. ఎందుకు పంపుతున్నారు, తిరిగి వచ్చాక ఏ పని అప్పగిస్తారు, ఎంత ప్రతిఫలం ఇస్తారు, ఎన్నాళ్ళు ఊరిలో పనిచేస్తానని వారు మాట ఇస్తున్నారు అన్న నాలుగు సంగతులు ఆ తీర్మానంలో వుంటే తరువాత తగాదా రాదు.

తిరిగి వచ్చిన తరువాత

శిక్షణ వృథా అయ్యేది తరగతిలో కంటె, తిరిగి వచ్చిన మొదటి మూడు నెలలలో ఎక్కువ. నేర్చుకొని వచ్చిన పరీక్షకునికి విరిగిన పిపెట్టు, పాత ఆమ్లం ఇస్తే మళ్ళీ పాత పద్ధతికే దిగిపోతాడు. మైత్రి కార్యకర్తకు పెట్టె వున్నది, కాని నత్రజని సకాలంలో అందే ఏర్పాటు లేకపోతే ఆ పెట్టె అటక ఎక్కుతుంది. పైన చెప్పినట్లు అతనికి నెల జీతం లేదు. సేవా రుసుమే ఆధారం. ఊరిలో సగంమంది బాకీ పెట్టి, మిగిలినవారు బేరమాడితే ఆరు నెలలకు అతడు వేరే పని చూసుకుంటాడు. ప్రభుత్వం వెచ్చించిన సొమ్ము, మూడు నెలల కష్టం రెండూ పోతాయి. ఆ రుసుమును పాల బిల్లులో నుండి తగ్గించి సంఘమే అతనికి చెల్లించే ఏర్పాటు చేసుకుంటే బాకీల బెడద వుండదు. ఎన్ని సూదులు వేశాడు, ఎన్ని చూలు నిలిచాయి అన్న లెక్క కూడా సంఘం పుస్తకంలోకి వస్తుంది.

ఈ లెక్క పుస్తకం విషయంలో ఒక పరదేశపు అనుభవం చెప్పుకోదగినది. సహకార పాల సంఘాలకు పేరుపొందిన డెన్మార్కులో మొదటి సహకార డెయిరీ 1882లో హ్యెడింగ్ అనే ఊరిలో ఏర్పడింది. పదమూడేళ్ళ తరువాత 1895లో వేయెన్ అనే చోట రైతులు కలిసి పాల పరీక్షా సంఘం పెట్టుకున్నారు. తర్ఫీదు పొందిన ఒక మనిషిని కుదుర్చుకొని, అతడు వంతులవారీగా ఇంటింటికీ పోయి, ఏ ఆవు ఎన్ని పాలు ఇస్తున్నదో, వెన్న ఎంతో, ఎంత మేత తింటున్నదో వ్రాసేటట్లు ఏర్పాటు చేసుకున్నారు. ఏ ఆవు తిన్న మేతకు తగిన పాలు ఇవ్వడం లేదో రైతులకు అప్పుడు తెలిసింది. ఇట్లాంటి సంఘాలు తరువాత అనేక దేశాలకు వ్యాపించాయి. అక్కడ నేర్పుగల మనిషి ఒక్కడే. అతని నేర్పును పదిమందీ పంచుకొని, పదిమందీ పోషించారు. మన సంఘాలకు కావలసిన పద్ధతి కూడా ఇదే.

ప్రభుత్వ ధనం, సంఘం స్వతంత్రం

కొందరు సభ్యులకు ఇంకొక అనుమానం రావచ్చు. 1995లో వచ్చిన పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం క్రింద నడిచే సంఘాలు ప్రభుత్వ వాటాధనం లేకుండా సభ్యుల మూలధనంతో నిలబడాలి గదా, నంద్యాల కేంద్రంగా గల మన జిల్లా యూనియన్ కూడా ఆ త్రోవలో నడిచినదే గదా, మరి ప్రభుత్వ శిక్షణ నిధి తీసుకోవడం సబబేనా అని. వాటాధనం వేరు, శిక్షణ వేరు. వాటా పెట్టినవారికి యాజమాన్యంలో మాట వుంటుంది. శిక్షణ పొందే పౌరుని వల్ల ప్రభుత్వానికి సంఘంపై హక్కు రాదు. బడికి, ఆసుపత్రికి పోయినట్లే శిక్షణకు పోవచ్చును. అది పన్ను కట్టే ప్రజల సొమ్మే.

అయితే పూర్తిగా దానిపైనే ఆధారపడడం మాత్రం ప్రమాదం. పథకానికి గడువు వుంటుంది, బడ్జెటు వుంటుంది, ఒక ఏడు వచ్చి మరొక ఏడు రాకపోవచ్చు. గేదెలు మాత్రం ఏటా ఈనుతూనే వుంటాయి, పాలు పూటపూటా కేంద్రానికి వస్తూనే వుంటాయి. అందుచేత ప్రతి సంఘం తన మిగులులో నుండి కొంత మొత్తాన్ని, ఎంత చిన్నదైనా సరే, శిక్షణ కోసమని వేరుగా తీసి వుంచుకోవడం మంచిది. ప్రభుత్వ చోటు దొరికిన ఏడు ఆ నిధి దారి ఖర్చులకు, ఇంటి కూలికి ఉపయోగపడుతుంది. దొరకని ఏడు నేర్చినవారి చేత నేర్వనివారికి చెప్పించడానికి ఉపయోగపడుతుంది.

ఇప్పుడు చేయవలసినది

సభ్య సోదరీ సోదరులారా, రాబోయే పాలకవర్గ సమావేశానికి ఈ నాలుగు అంశాలు పెట్టించండి. మన సంఘంలో పరీక్ష చేసేవారు, లెక్కలు వ్రాసేవారు, సూది వేసేవారు చివరిసారి ఎప్పుడు శిక్షణ పొందారో ఒక కాగితంపై వ్రాయించండి. ఏ పనికి ఎవరిని పంపాలో పేర్లతో తీర్మానించి యూనియన్‌కు, పశుసంవర్ధక శాఖ అధికారికి ఒక్కొక్క ప్రతి పంపించండి. మహిళా సభ్యులకు ఏ నెలలో, ఏ వేళకు ఊరిలో శిక్షణ పెడితే అనుకూలమో వారినే అడిగి వ్రాసుకోండి. శిక్షణ పొంది వచ్చినవారికి కావలసిన సామగ్రి, ప్రతిఫలం ఏమిటో ముందే తేల్చండి.

పంపిన తరువాత ఆరు నెలలకు ఒకసారి లెక్క చూడండి. డెయిరీ పరీక్షకూ మన పరీక్షకూ మధ్య తేడా తగ్గిందా? ఎన్ని గేదెలు మొదటి సూదికే చూలు కట్టాయి? పుల్లబడి తిరిగివచ్చిన పాలు తగ్గాయా? శిక్షణ ఫలించిందో లేదో చెప్పవలసినది ఈ అంకెలే. గోడకు తగిలించిన ధృవపత్రం ఆ సంగతి చెప్పలేదు. అంకెలు బాగుంటే ఆ మనిషిని పదిమందిలో మెచ్చుకోండి. బాగుండకపోతే లోపం ఎక్కడున్నదో కూర్చొని వెదకండి. చోటు ఇవ్వడం వరకే ప్రభుత్వం చేయగలదు. ఆ చోటును పాలుగా, నాలుగు రూపాయలుగా మార్చుకోవడం సంఘం చేతిలోని పని.